జడ అల్లిన మనీ ట్రీలో ఒక్క పాయ మాత్రమే మెత్తబడింది: తీసేయాలా, వదిలేయాలా?

తడిమట్టి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. జడలా అల్లిన మనీ ట్రీ ఒకటి నా దగ్గర పద్నాలుగు నెలలుగా ఉంది. తీగలా పాకే మనీ ప్లాంట్ గురించి కాదు, అరచేయి విప్పినట్టు ఐదారు ఆకులు ఒకే కాడ చివర వచ్చే పచీరా గురించి అడుగుతున్నాను. ఈ రెండు పేర్లూ కలిసిపోయి ఇంతకుముందు నాకు పూర్తిగా వేరే మొక్కకు సంబంధించిన సలహాలు అందాయి, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

ఐదు కాండాలను కలిపి అల్లిన మొక్క ఇది. అల్లిక సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, ఆకులతో కలిపి చూస్తే మీటరుకు కాస్త తక్కువ. మూడు వారాల కిందట ఒక వైపు ఆకులు మాత్రమే పసుపుబారి రాలడం మొదలైంది. ముదురాకులు పండి రాలుతున్నాయేమో అనుకుని ఊరుకున్నాను. నిన్న కుండీ తుడుస్తూ జడను పట్టుకున్నప్పుడు ఒక పాయ బొటనవేలి కింద తడిసిన అట్టముక్కలా లోపలికి దిగింది. దాని బెరడు ముడతలు పడింది, మొదలు దగ్గర ముదురు గోధుమ రంగుకు తిరిగింది. మిగిలిన నాలుగు పాయలూ నొక్కి చూస్తే గట్టిగానే ఉన్నాయి, వాటి చివరి ఆకులు కూడా పచ్చగానే ఉన్నాయి.

నా పెంపకం ఎలా ఉందో దాచకుండా రాస్తాను. రెండు రోజులకు ఒకసారి ఒక గ్లాసు నీళ్ళు పోస్తున్నాను. మొక్క ప్లాస్టిక్ కుండీలో ఉంది, ఆ కుండీని అందం కోసం అడుగున రంధ్రం లేని పింగాణీ కుండీలో దించి పెట్టాను. కిటికీకి రెండు మీటర్ల దూరంలో ఉంటుంది, నేరుగా ఎండ పడదు. కొన్నప్పటి నుంచి మట్టి మార్చలేదు.

మెత్తబడిన పాయ నుంచి ఆ కుళ్ళు మిగతా వాటికి పాకుతుందా? దాన్ని తీసేస్తే అల్లిక వదులై చెట్టు విడిపోతుందా? లేక ఆ పాయను ఎలాగైనా బతికించే మార్గం ఉందా? ఇంకొక చిన్న సందేహం: జడ ముగిసిన చోటు నుంచి కొమ్మలు నిటారుగా పెరిగిపోయాయి. వాటిని కూడా అల్లుకుంటూ పోవచ్చా?


పాతకుండీ:

మీరు రాసిన వివరాల్లోనే జవాబు చాలావరకు ఉంది. అయితే అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒకటి స్పష్టం చేసుకుందాం. మీ దగ్గర ఉన్నది ఐదు పాయల చెట్టు కాదు, ఒకే కుండీలో ఇరుక్కుని పెరుగుతున్న ఐదు చెట్లు. విత్తనం నుంచి మొలిచిన మొక్కల కాండాలు ఇంకా లేతగా, వంచితే వంగే దశలో ఉన్నప్పుడే వాటిని అల్లి, పైన కట్టు కట్టి పెంచుతారు. ఈ అల్లిక 1980లలో తైవాన్‌లో ప్రాచుర్యంలోకి వచ్చి అక్కడి నుంచి ఇంటి మొక్కల వ్యాపారమంతటా పాకింది. దేని వేర్లు దానివే, దేని ఆకులు దానివే. ఒక వైపు ఆకులే రాలాయని మీరు గమనించారు కదా, అవన్నీ ఆ మెత్తబడిన పాయ ఆకులే అయి ఉంటాయి. నాలుగు పాయలు బాగున్నంత మాత్రాన అయిదో పాయకు అవి నీరు గానీ ఆహారం గానీ అందించలేవు.

మెత్తబడిన కాండం మళ్ళీ గట్టిపడదు. దాన్ని బతికించే ప్రయత్నం వదిలేయండి. కానీ ముడత పడిన ప్రతి కాండమూ కుళ్ళినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. పచీరా కాండం మొదలు ఉబ్బి ఉండేది నీరు దాచుకోవడానికే కాబట్టి చాలా రోజులు ఎండబెడితే బెరడు నిలువుగా ముడతలు పడుతుంది. అప్పుడు నొక్కి చూస్తే లోపల గట్టిగానే తగులుతుంది, కుండీ ఎత్తితే తేలిగ్గా ఉంటుంది. అది దాహం. మీ విషయంలో వేలు లోపలికి దిగింది, రంగు మారింది, పైగా రెండు రోజులకొకసారి నీళ్ళు అందుతున్నాయి. ఇది కచ్చితంగా కుళ్ళే.

పాకుతుందా అంటే, పక్క కాండం బెరడు దాటుకుని నేరుగా లోపలికి చొరబడటం అంత తేలిక కాదు. అసలు ప్రమాదం మట్టిలో ఉంది. ఆ ఒక్కదాన్ని చంపిన తడిలోనే మిగతా నాలుగింటి వేర్లూ ఉన్నాయి. వేర్లకు కూడా గాలి కావాలి. మట్టిలోని ఖాళీలన్నీ నీటితో నిండి అలాగే ఉండిపోతే వేర్లు ఊపిరాడక చచ్చిపోతాయి, చచ్చిన వేర్ల మీద పైథియం వంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి, అక్కడి నుంచి కుళ్ళు కాండం మొదలుకు ఎక్కుతుంది. ఇప్పుడే ఆ పింగాణీ కుండీలోంచి లోపలి కుండీని పైకి ఎత్తి చూడండి. అడుగున వేలెడు లోతు నీళ్ళు కనిపిస్తే నేనేమీ ఆశ్చర్యపోను.

ఆ తరువాత మొక్కను కుండీ నుంచి పూర్తిగా బయటకు తీయండి. తడి మట్టిని వేళ్ళతో నెమ్మదిగా విదిలించి వేర్లను ఒక్కొక్కటిగా పట్టి చూడండి. బతికి ఉన్న వేరు లేత రంగులో, గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లాగితే పై తొడుగు ఊడి చేతిలోకి వచ్చేస్తుంది, లోపల దారం లాంటి పోగు మిగులుతుంది. అలాంటివన్నీ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కత్తిరించేయండి. చచ్చిన పాయను మొదలు దగ్గర కోసి, పైన కూడా రెండు మూడు చోట్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ జడలోంచి విడిగా జారనివ్వండి. మొత్తంగా ఒకేసారి లాగితే పక్క పాయల బెరడు చీరుకుపోతుంది. మిగిలిన నాలుగూ ఆ వంపులలోనే ముదిరి కర్రగా మారి ఉంటాయి కాబట్టి అల్లిక విడిపోదు. కొంత సందు కనిపిస్తుంది, అంతే.


నీడపట్టు:

పై సలహాతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. గట్టిగా ఉన్న నాలుగు చెట్ల వేర్ల నుంచి మట్టి మొత్తం కడిగేయాల్సిన అవసరం లేదు. బయటకు తీసినప్పుడు వేర్లముద్దలో ఒక వైపు మాత్రమే నల్లబడి, మిగతా భాగంలో వేర్లు లేత రంగులో కనిపిస్తే చెడిన వైపు మాత్రం శుభ్రం చేసి, మిగతా దాన్ని కదిలించకుండా కొత్త మట్టిలో పెట్టండి. ఈ మొక్కలను చాలాసార్లు వేర్లు కత్తిరించి, మట్టి లేకుండా రవాణా చేసి, చేరిన చోట మళ్ళీ కుండీలో నాటుతారు. పైన కాండం బలంగా కనిపిస్తున్నా కింద వేర్ల వ్యవస్థ దానికి తగినంత ఉండకపోవచ్చు. ఉన్న కాసిన్ని మంచి వేర్లను కూడా కడగడంలో తెంపేసుకుంటే ఆకులన్నీ ఒక్కసారిగా రాల్చేస్తుంది. నేనొకసారి అత్యుత్సాహంతో అలాగే కడిగి, ఆ తరువాత నాలుగు నెలల పాటు మోడుగా నిలబడిన జడను చూస్తూ కూర్చున్నాను.

ఇంకొక ప్రశ్న మీరు అడగకపోయినా చాలామందిని తికమక పెడుతుంది. ఈ చెట్టు జాతి పేరే పచీరా అక్వాటికా, అంటే నీటి పచీరా. 1775లో ఓబ్లే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. దక్షిణ మెక్సికో నుంచి బ్రెజిల్ ఉత్తర భాగం వరకు నదీముఖాల దగ్గర, చిత్తడి నేలల్లో సహజంగా పెరిగే చెట్టు అది. వరద నీటిలో నిలబడగల చెట్టు గ్లాసెడు నీటికి చావడమేమిటని అనుమానం రావడం సహజమే. కారణం నీటి పరిమాణంలో లేదు, ఆ నీరు ఎంత త్వరగా ఖర్చవుతుందనే దానిలో ఉంది. అక్కడ నిండు ఎండలో 18 మీటర్ల వరకు ఎదిగే చెట్టు వేలకొద్దీ ఆకులతో రోజంతా నీరు తోడేస్తుంది, కింద నీరు కదులుతూ, పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. మీ గదిలో కిటికీకి రెండు మీటర్ల దూరంలో ఉన్న చెట్టుకు పాతిక ముప్పై ఆకులుంటాయి, వెలుతురు తక్కువ కాబట్టి అవి తాగేదీ తక్కువే, కింద నీరు కదలకుండా నిలిచి ఉంటుంది. కాబట్టి మీరు నీళ్ళు తగ్గించడంతో పాటు వెలుతురు కూడా పెంచాలి. కిటికీకి మీటరు కంటే తక్కువ దూరంలోకి తీసుకురండి, మధ్యాహ్నపు తీవ్రమైన ఎండ మాత్రం నేరుగా ఆకుల మీద పడకుండా చూసుకోండి. రెండు వారాలకొకసారి కుండీని పావు వంతు తిప్పితే చెట్టు ఒక వైపుకు వాలిపోదు.

దుకాణాల్లో అక్వాటికా పేరుతో అమ్మేవాటిలో చాలా మొక్కలు నిజానికి పచీరా గ్లాబ్రా అనే దగ్గరి జాతివి. పెంపకంలో పెద్ద తేడా లేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను. రెండూ మన బూరుగు చెట్టుకు బంధువులే, ఆ అరచేయి లాంటి ఆకును చూస్తేనే పోలిక తెలిసిపోతుంది.


తడిమట్టి:

మీ ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ రోజు ఉదయం మొక్కను బయటకు తీశాను. పింగాణీ కుండీ అడుగున నీళ్ళు నిజంగానే ఉన్నాయి, పైగా మురుగు వాసన వచ్చింది. కానీ మట్టి విదిలించాక నేను అసలు ఊహించనిది కనిపించింది. మట్టికి రెండంగుళాల కింద, ఐదు కాండాల మొదళ్ళనూ చుట్టి ఒక మందపాటి రబ్బరు బ్యాండు ఉంది. నాలుగు కాండాలు దానిని ఎలాగో భరించినట్టున్నాయి. మెత్తబడినది మాత్రం మధ్యలో ఇరుక్కుని ఉంది. బ్యాండు దాని బెరడులోకి గాడి చేసుకుని దిగిపోయింది, గాడి కింద వేర్లు నల్లగా, జిగటగా ఉన్నాయి. జడ పైభాగంలో కూడా పచ్చటి ప్లాస్టిక్ తీగతో కట్టిన కట్టు ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ అది అలంకారం అనుకున్నాను.

బ్యాండును కత్తిరించి తీసేశాను. చచ్చిన పాయను చెప్పినట్టే మూడు ముక్కలుగా కోసి బయటకు తీశాను. మిగిలిన వాటి వేర్లలో మూడో వంతు పోయాయి. ఇప్పుడు పాత కుండీలోనే నాటాలా, ఇంకా పెద్దది తీసుకోవాలా? పైనున్న తీగ కూడా తీసేయవచ్చా?


పాతకుండీ:

అయితే తప్పంతా మీది కాదు. రవాణాలో, నాటేటప్పుడు కాండాలు విడిపోకుండా కట్టే కట్టు అది, తరువాత తీసేవాళ్ళు తక్కువ. కాండం లావెక్కుతున్న కొద్దీ బ్యాండు బిగుసుకుని, ఆకులు తయారు చేసిన ఆహారం బెరడు ద్వారా వేర్లకు దిగకుండా అడ్డుకుంటుంది. ఆహారం అందని వేర్లు బలహీనపడతాయి. బలహీనపడిన వేర్లను నిలవనీరు ముందుగా పట్టుకుంది. అందుకే ఐదింటికీ ఒకే తడి ఉన్నా మధ్యలో ఉన్నది ముందు పోయింది. జడ మొక్క కొన్నవారెవరైనా ఇంటికి తెచ్చిన కొద్ది రోజులకే మొదలు దగ్గర రెండంగుళాల మట్టి పక్కకు జరిపి చూసుకోవాలని నేను అందరికీ చెబుతుంటాను.

పై కట్టు విషయానికి వస్తే, తీగ బెరడులోకి దిగకుండా వదులుగా ఉంటే కొత్త మట్టిలో మొక్క కుదురుకునే వరకు ఉంచండి. దిగుతున్నట్టు కనిపిస్తే వెంటనే తీసి, ఆ స్థానంలో మెత్తటి నూలు తాడు వదులుగా కట్టండి.

వేర్లు మూడో వంతు పోయాయి కాబట్టి పెద్ద కుండీ అసలు వద్దు. వేర్లు చేరలేని మట్టి ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ కాలం తడిగా ఉంటుంది. వేర్లముద్ద చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ మిగిలే కుండీ చాలు, అది పాతదానికంటే చిన్నదైనా పరవాలేదు. అడుగున రంధ్రాలు తప్పనిసరి. మట్టిలో సగం కొబ్బరి పొట్టు లేదా మామూలు కుండీ మట్టి, మిగతా సగం పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్లటి గుళికలు), ముతక ఇసుక కలపండి. పిడికిట్లో పిండి వదిలితే ముద్దగా నిలవకుండా రాలిపోవాలి. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా ఇంకుతుందనేది చాలామంది నమ్మకం, కానీ దానివల్ల తడి మట్టి పొర వేర్లకు ఇంకాస్త దగ్గరగా పైకి జరుగుతుంది, అంతకు మించి ఒరిగేది లేదు. కాండాలు ఇంతకుముందు ఎంత లోతులో ఉన్నాయో అంతే లోతులో నాటండి. ఉబ్బిన మొదళ్ళను మట్టిలో కప్పేయకండి.

ఎరువు రెండు నెలల వరకు వేయకండి. తెగిన వేర్లకు ఎరువులోని లవణాల సాంద్రత భరించే శక్తి ఉండదు. ఆ తరువాత చిగుర్లు వేసే కాలంలో మాత్రమే, నెలకొకసారి, డబ్బా మీద రాసిన మోతాదులో సగం చాలు.


కణుపు:

కొమ్మలను అల్లుకుంటూ పోవచ్చా అనే మీ చివరి ప్రశ్న ఇంకా మిగిలి ఉంది కాబట్టి దాని గురించి రాస్తాను. పోవచ్చు, కానీ ఇప్పుడు కాదు. వేర్లు పోగొట్టుకున్న మొక్కకు ఇప్పుడు ప్రతి ఆకూ అవసరమే. మూడు నాలుగు నెలలు ఆగి, కొత్త చిగుర్లు ధారాళంగా వస్తున్నాయని నిర్ధారించుకున్నాక మొదలుపెట్టండి.

అల్లడానికి పనికొచ్చేది పచ్చగా ఉండి, వేలితో వంచితే ప్రతిఘటించకుండా వంగే భాగం మాత్రమే. బెరడు బూడిద రంగుకు తిరిగిందంటే అది ముదిరిపోయింది, బలవంతం చేస్తే విరుగుతుంది. అల్లిక మీద వచ్చే ఆకుకాడలను ముందు తుంచేసుకుని, ఒక్కసారి ఒకటి రెండు మలుపులు మాత్రమే తిప్పి, పైన నూలు తాడుతో వదులుగా కట్టండి. మలుపుల మధ్య చిటికెన వేలు దూరేంత సందు వదలాలి, ఎందుకంటే ఇవాళ పెన్సిలంత ఉన్న కాండం రెండేళ్ళలో బొటనవేలంత అవుతుంది. బిగుతుగా అల్లిన జడ మొదటి రోజు ఎంత అందంగా ఉన్నా, తరువాత పాయలు ఒకదానినొకటి నొక్కుకుని మీరు ఇప్పుడు చూసిన బ్యాండు పనే అవి చేస్తాయి. తాడును నెలకొకసారి విప్పి చోటు మార్చి కట్టండి.

నా సొంత అభిప్రాయం అడిగితే, అల్లికను అక్కడితో ఆపి, పైకొమ్మలను కత్తిరించడమే మేలంటాను. గదిలోని వెలుతురులో ఆ పైకొమ్మలు సన్నగా, పొడవుగా సాగుతాయి, వాటిని అల్లితే కింద లావు, పైన పీల అన్నట్టు వికారంగా తయారవుతుంది. కణుపుకు ఒక సెంటీమీటరు పైన కత్తిరిస్తే ఆ కింది కణుపుల నుంచి రెండు మూడు కొత్త కొమ్మలు వచ్చి తల గుబురుగా అవుతుంది. కత్తిరించిన కొమ్మలో రెండు మూడు కణుపులున్న 15 సెంటీమీటర్ల ముక్కను తడి ఇసుకలో గుచ్చితే కొన్ని వారాల్లో వేరు పోస్తుంది. అలా వచ్చిన మొక్కకు విత్తనం నుంచి వచ్చినదానిలా మొదలు ఉబ్బదు, సన్నగా నిటారుగానే పెరుగుతుంది. అందుకే జడలో వచ్చిన ఖాళీని ఆ ముక్కతో పూడ్చుదామనే ఆలోచన వస్తే వదిలేయండి. పాత పాయల పక్కన అది ఎప్పటికీ అతికించినట్టే ఉంటుంది, పైగా దాన్ని నాటడం కోసం నాలుగింటి వేర్లనూ మళ్ళీ కదిలించాల్సి వస్తుంది.


నీడపట్టు:

ఒక చిన్న చేర్పు. కొత్త ఆకులు వచ్చాక వాటి కాడల మీద, ఆకు అడుగున పారదర్శకమైన జిగురు బొట్లు కనిపిస్తే కంగారుపడి మందు కొట్టకండి. ఈ జాతి ఆకుల మీద తేనె స్రవించే గ్రంథులు ఉంటాయి, పురుగు లేకుండానే ఆ బొట్లు వస్తాయి. అయితే బొట్లతో పాటు కణుపుల సందుల్లో తెల్లటి దూది లాంటిది కనిపిస్తే అది పిండినల్లి. జడలోని సందులు దానికి మంచి దాగుడు చోట్లు కాబట్టి స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో లోపలి వరకు తుడవాలి. ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు, కింద సాలెగూడు పోగులు ఉంటే ఎర్రనల్లి. దానికి ఆకులను రెండు వైపులా నీటితో బాగా కడగడమే మొదటి వైద్యం.


తడిమట్టి:

ఏడు వారాల తరువాత రాస్తున్నాను. నాలుగు పాయలూ గట్టిగానే ఉన్నాయి. మొదటి రెండు వారాల్లో తొమ్మిది ఆకులు రాలాయి, ఆ తరువాత ఆగిపోయింది. చచ్చిన పాయ ఉన్న చోట జడలో చూపుడు వేలు పట్టేంత సందు ఏర్పడింది, కానీ అల్లిక కదలలేదు. పై తీగను మూడో వారంలో తీసేశాను. దాని కింద బెరడు మీద సన్నటి గీత పడి ఉంది, లోతుగా మాత్రం దిగలేదు.

నీళ్ళకు ఇప్పుడు రోజుల లెక్క పెట్టుకోవడం మానేశాను. వెదురు పుల్లను కుండీలో సగం లోతు వరకు గుచ్చి, తీసి చూస్తున్నాను. మట్టి అంటకుండా పొడిగా వచ్చిన రోజున కుండీని స్నానాల గదిలోకి తీసుకెళ్ళి, అడుగు రంధ్రాల నుంచి నీరు కారే వరకు పోసి, పూర్తిగా ఓడిన తరువాతే పింగాణీ కుండీలో పెడుతున్నాను. మొదటిసారి పుల్ల పొడిగా రావడానికి పదహారు రోజులు పట్టింది. ఆ రెండు వారాలూ నీళ్ళ గ్లాసు పట్టుకుని మొక్క చుట్టూ తిరిగాను గానీ పోయలేదు. కిటికీ దగ్గరకు జరిపాక ఇప్పుడు పదకొండు రోజులకు ఒకసారి పడుతోంది.

ఈ వారం రెండు పాయల చివర చిగుర్లు వచ్చాయి. ఒకటి ఇంకా మూసిన గొడుగులా ముడుచుకునే ఉంది, ఇంకొకటి విప్పుకుంది. దానికి ఆరు ఆకులు ఉన్నాయి, కాడ మీద మీరు చెప్పిన జిగురు బొట్టు కూడా ఒకటి ఉంది. దూది పుల్లతో వెతికి చూశాను, పురుగు ఏదీ కనబడలేదు.